రెండో కుర్చీ

ఇల్లు ఏ ఆకారంలో ఉందో తెలియాలంటే వీధిలోకి వెళ్లి నిలబడి చూస్తాం. పాలపుంత విషయంలో మనకి ఆ సౌకర్యం లేదు. మనం ఉండేది దాని లోపల, అదీ నట్టింట్లో కాదు, ఓ పక్కగా ఎక్కడో. బయటికి వెళ్లి చూసి వద్దామంటే వెలుగుకే వేలవేల ఏళ్లు పడుతుంది, కాళ్లున్న మనలాంటివాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. పైగా ఎటు చూసినా దుమ్ము. అందుకని ఉన్నచోటే కూర్చుని, అంగుళం కదలకుండా, ఆ మహా కొంపకి ప్లాను గీయాలి. ఇలాంటి పని జీతం తీసుకుని చేసేవాళ్లు కూడా లోకంలో ఉన్నారు. పెద్దమ్మ, పిచ్చుక ఆ కోవలోవాళ్లు.

పెద్దమ్మ అంటే పిచ్చుకకి నిజంగానే పెద్దమ్మ, తల్లికి అక్క. ఆఫీసులో మాత్రం అందరికీ పెద్దమ్మే. డైరెక్టరు కూడా "పెద్దమ్మగారూ" అంటాడు, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడ చేత చీవాట్లు తిన్నవాడు కాబట్టి. ఇక పిచ్చుక అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేదు. చిన్నప్పుడు పళ్లెంలో అన్నీ కెలికి ఏదీ తినేది కాదని పెద్దమ్మ పెట్టిన పేరది. నలభై దాటి జుట్టు నెరుస్తున్నా ఆ పేరు వదల్లేదు. తల్లి పోయినప్పుడు పిచ్చుక ఇంకా పాల పళ్లు ఊడుతున్న పిల్ల. పెద్దమ్మ ఆ పిల్లని చంకనేసుకుని తెచ్చుకుంది. తన పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, "నాకు తీరిక లేదు" అనేది. ఇప్పుడు ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే బస్సు, ఒకే ఆఫీసు.

ఆఫీసు వెనక కొండవాలులో ఓ బ్రహ్మాండమైన గిన్నెలాంటి యాంటెన్నా ఆకాశానికి చెవి ఒగ్గి ఉంటుంది. నక్షత్రాల మధ్య తేలే గ్యాసు మేఘాలు సన్నగా రేడియో కూత పెడుతుంటాయి, ఆ కూత దుమ్ములోంచి కూడా వినిపిస్తుంది. కూత హెచ్చుతగ్గుల్ని బట్టి మేఘం ఎంత వేగంతో మనవైపు వస్తోందో, మనల్నించి పోతోందో తెలుస్తుంది. పాలపుంత మొత్తం గిర్రున తిరుగుతోంది కాబట్టి, వేగం తెలిస్తే మేఘం ఉన్న చోటుని లెక్క కట్టొచ్చు. ఇంతవరకూ మిషనే చేసి పెడుతుంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ లెక్కకి జవాబులు రెండు వస్తాయి. ఒకే చూపు వరసలో ఇవతల ఒక చోటు, అవతల ఒక చోటు, రెండు చోట్లా వేగం ఒక్కటే. మరి మేఘం ఇవతలదా, అవతలదా? అక్కడ మిషను చేతులెత్తేస్తుంది, మనిషి కావాల్సి వస్తుంది.

ఆ మనిషి తెర మీద ఆ కూత గీసిన గీత చూస్తాడు. మేఘం దగ్గరదైతే తన వెనక వెలిగే గ్యాసు కూతని కాస్త మింగేస్తుంది, అప్పుడు గీత నెత్తిన చిన్న సొట్ట పడుతుంది. సొట్ట ఉంటే దగ్గర, లేకపోతే దూరం. వినడానికి ఎంత సులువో కదా! చూడబోతే ఆ సొట్ట ఒక్కోసారి ఉండీ లేనట్టు ఉండి ప్రాణం తీస్తుంది. అందుకని ప్రతి మేఘాన్నీ ఇద్దరు చూస్తారు, వేర్వేరు గదుల్లో, ఒకరి జవాబు ఇంకొకరు చూడకుండా. ఎడమ మీట నొక్కితే దగ్గర, కుడి మీట నొక్కితే దూరం. ఇద్దరి మాటా కలిస్తే పటంలోకి ఎక్కుతుంది. కలవకపోతే మూడోవాడు తేలుస్తాడు. ఆ మూడోవాణ్ణి అందరూ తీర్పరి అంటారు. తాటిచెట్టంత పొడుగు, పని తక్కువ, కబుర్లు ఎక్కువ, మనసు మంచిది. పెద్దమ్మది మొదటి కుర్చీ, పిచ్చుకది రెండోది.

ఆకాశాన్ని ముక్కలు చేసి కొన్ని దేశాలవాళ్లు పంచుకున్నారు. వీళ్ల వంతుకి వచ్చింది పాలపుంత నడిబొడ్డు వైపు ఉన్న ముక్క, అన్నిటికంటే చిక్కుది. పెద్దమ్మ ఉద్యోగ కాలం ఎప్పుడో అయిపోయినా ఆ ముక్క కోసమే ఆవిణ్ణి ఉంచారు. ఆవిడకీ అదొక్కటే కోరిక.

"ముక్కలన్నీ అతికించి గోడకి తగిలిస్తారు చూడు, అది ఒక్కసారి చూడాలే," అనేది బస్సులో. "మన ముక్కతో సహా. ఇన్నేళ్లు ఈ ఇంట్లో పడి ఉన్నాం, ఎలా ఉంటుందో చూడకుండా పోతే ఏం బాగుంటుంది?"

"నువ్వెక్కడికీ పోవులే," అనేది పిచ్చుక.

పోవడం మొదలయ్యే ఉంది, పిచ్చుకకే తెలియలేదు. ఓ రోజు బస్సులో పెద్దమ్మ ముందుగానే లేచి, పాత ఇంటి దగ్గర దిగిపోయింది. ఆ ఇల్లు ఖాళీ చేసి పదిహేనేళ్లు. పిచ్చుక వెనకాలే దిగి, "ఏమిటి, పాత అద్దె బాకీ ఉందా?" అని నవ్వింది. పెద్దమ్మా నవ్వేసింది. ఇంకో రోజు ఉప్పు డబ్బా కోసం గోడ తడుముతోంది. పాత ఇంట్లో అక్కడ అలమర ఉండేది. ఆ రోజు పిచ్చుకకి నవ్వు రాలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకి తీర్పరి టీ గ్లాసుతో పిచ్చుక గదిలోకి వచ్చాడు.

"ఏమ్మా, ఇంట్లో మీ ఇద్దరికీ గొడవలా?"

"ఏం?"

"ఈ వారం నాకు ఊపిరి సలపట్లేదు. ఆవిడ దగ్గరంటే నువ్వు దూరం, నువ్వు దగ్గరంటే ఆవిడ దూరం. కొన్ని తేల్చాను. ఏమనుకోకు, చూసినంతవరకూ నీదే సరిగ్గా ఉంది. ఆవిడకి అద్దాలు మార్పించు." గొంతు తగ్గించాడు. "ఇలాగే సాగితే డైరెక్టరు చెవిన వెయ్యక తప్పదు. నాకూ బాధగానే ఉంది."

డైరెక్టరుకి తెలిస్తే పెద్దమ్మని పిలిచి మర్యాదగా ఇంట్లో కూర్చోమంటాడు. గోడ మీద పటం చూడటానికి ఆవిడకి పిలుపు వస్తుంది, కానీ అందులో ఆవిడ చెయ్యి ఉండదు. ఈ మాట పెద్దమ్మతో అంటే డైరెక్టరు దాకా కూడా అక్కర్లేదు, ఆవిడే ఆ పూటే కుర్చీ వదిలేసి వచ్చేస్తుంది. పిచ్చుకకి ఆవిడ సంగతి తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ మొదటి కుర్చీ గదిలో భోజనం చేశారు. పెద్దమ్మ డబ్బాలు కడగడానికి వెళ్లింది. తెర మీద ఆ రోజు జవాబులన్నీ వరసగా ఉన్నాయి. పిచ్చుక కళ్లప్పగించి చూసింది. గుడ్డివాడికి కూడా కనిపించేంత సొట్ట ఉన్న మేఘానికి ఎదురుగా 'దూరం' అని ఉంది. దాని కిందదీ అంతే. తనకి సొట్ట అంటే ఏమిటో నేర్పిన కన్ను అది. ఆ కన్ను పోయిందనుకుంది.

అప్పుడే పెద్దమ్మ డబ్బాలు తుడుచుకుంటూ వచ్చింది. "ఏమిటే, దెయ్యాన్ని చూసినట్టు నిలబడ్డావు?"

అడగాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. "ఏం లేదు, పొలమారింది," అంది పిచ్చుక.

ఆ రోజు నుంచి తన పనిని ఒక రోజు వెనక్కి జరుపుకుంది. పెద్దమ్మ డబ్బాలు కడగడానికి వెళ్లినప్పుడు, నిన్న ఆవిడ ఏం నొక్కిందో తెర మీద చూసి రాసుకుని, ఇవాళ తనూ అదే నొక్కేది. మొదట్లో వేలు మొరాయించేది. తర్వాత గీత వైపు చూడటమే మానేసింది, చూస్తే కదా బాధ. ఒకరి జవాబు ఒకరు చూడకూడదన్న నియమం పెట్టిందే పెద్దమ్మ. ఆ పెద్దమ్మ కోసమే దాన్ని తుంగలో తొక్కింది. ఇంత చేసి తను మంచిపనే చేస్తున్నాననుకుంది పాపం. పటంలో పదో పరకో మేఘాలు అటూ ఇటూ అయితే ఆకాశం ఊడిపడదు, పెద్దమ్మ మాత్రం తలెత్తుకుని ఉంటుంది, అదే పిచ్చుక లెక్క. ప్రేమ ఉన్నవాళ్లకి ఇలాంటి లెక్కలు భలే త్వరగా తేలతాయి. తీర్పరికి పని తప్పింది. రెండేళ్లపాటు హాయిగా టీ తాగాడు.

రెండేళ్లలో ముక్క పూర్తయింది. మిగతా ముక్కలతో కలిపి అతికించే ముందు, డైరెక్టరు ఓ ఉదయం పిచ్చుకనీ తీర్పరినీ గదికి పిలిపించాడు. ఇంకో దేశంవాళ్లు కొన్ని మేఘాల దూరాన్ని నేరుగా కొలిచి పంపారు. ఒక కన్ను మూసి వేలు చూసి, మళ్లీ రెండో కన్ను మూసి చూస్తే వేలు పక్కకి జరిగినట్టుంటుంది కదా. భూమి సూర్యుడికి ఇటున్నప్పుడు ఒకసారి, ఆరు నెలలకి అటు వెళ్లాక ఒకసారి మేఘాన్ని చూసి, ఎంత జరిగినట్టుందో కొలవడం అలాంటిదే. కష్టం కాబట్టి ఏవో కొన్నిటికే చేస్తారు, చేసినవాటికి తిరుగు లేదు.

"మన వాటితో పోల్చి చూశాను," అన్నాడు డైరెక్టరు. "చాలావరకూ చక్కగా కలిశాయి. మిగతావి తప్పులంటే తప్పులు కావు, తలకిందులు. దగ్గరవన్నీ దూరం, దూరానివన్నీ దగ్గర. మన ముక్కలో పాలపుంత నడుమ నుంచి చుట్టలుగా సాగే చేతుల్లో ఒకటి మోచేతి దగ్గర తెగి, సగం ఇవతలా సగం అవతలా పడింది. ఏం జరిగిందో నాకు అంతుపట్టట్లేదు. పెద్దమ్మగారినే అడుగుదాం."

పిచ్చుక తలుపు వైపు చూసింది.

పెద్దమ్మ కళ్లద్దాలు తుడుచుకుంటూ వచ్చింది. డైరెక్టరు మొహమాటపడిపోయి, అసలు సంగతి చెప్పలేక, తన గదిలోనూ ఉన్న అలాంటి మిషను తెర మీద ఒక గీత పెట్టాడు. "దీన్నొకసారి చూడండి పెద్దమ్మగారూ."

"ఇందులో చూడ్డానికేముంది? సొట్ట గుమ్మమంత ఉంటే! దగ్గర," అంటూ పెద్దమ్మ కుడి మీట నొక్కింది.

తెర మీద 'దూరం' అని పడింది. ఆవిడ తెర వైపు చూడనేలేదు.

"తర్వాతది పెట్టు బాబూ. ఆఁ, ఇది నున్నగా ఉంది. దూరం." ఎడమ మీట నొక్కింది.

ముందుగా తేరుకున్నది తీర్పరి. కుర్చీ వెనక్కి పడేలా లేచాడు.

"పాత మిషనండీ! పాత మిషనుకి దగ్గర కుడివైపు ఉండేది! ఇరవై ఏళ్లు దానిమీద పనిచేశారు కదా ఆవిడ! కన్ను బంగారంలా ఉంది, వేలే పాత రోజుల్లోకి పోయింది." సంతోషం పట్టలేక డైరెక్టరు భుజం మీద చరిచాడు. "రోజూ అయి ఉండదు, అలా అయితే అన్నీ తిరగబడేవి. కొన్ని రోజులంతే. ఆ రోజులేవో పట్టుకుని వాటిని తిరగేస్తే సరి. సాయంత్రానికల్లా అయిపోతుంది. ఆవిడ పని మొత్తం దక్కుతుంది!"

"ఏ రోజులో ఎలా తెలుస్తుంది?" అన్నాడు డైరెక్టరు.

"రెండో కుర్చీ ఉన్నది దేనికండీ? ఏ రోజు పిచ్చుక జవాబులు ఆవిడవాటికి పూర్తిగా ఎదురున్నాయో ఆ రోజు మీటలు తిరగబడ్డట్టే. అప్పుడెప్పుడో ఓ వారం అలాగే..." తీర్పరి నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగాడు. "కానీ ఎదురైతే అవి నా దగ్గరికి రావాలి కదా. నాకు రెండేళ్లుగా..."

పిచ్చుక వైపు తిరిగాడు. అతని ముఖంలో సంతోషం ఇంకా పూర్తిగా పోలేదు, అది చూడటమే పిచ్చుకకి ఎక్కువ కష్టమైంది.

"నేను చూశాను," అంది. "పెద్దమ్మవి చూసి నేనూ అవే నొక్కాను. రోజూ."

"నీ సొంత జవాబులు విడిగా ఏమైనా...?" డైరెక్టరు ఆశ చావక అడిగాడు.

"లేవు సార్. నేను గీతలు చూడటమే మానేశాను."

పెద్దమ్మకి ఇదంతా ఆలస్యంగా ఎక్కింది. వంగి, కుడి మీట ఇంకోసారి నొక్కి, ఈసారి తెర చూసింది. 'దూరం' అన్న మాటని పెదాలు కదుపుతూ చదువుకుంది. తర్వాత ఆ చేతిని ఒళ్లోకి తీసుకుని, రెండో చేత్తో కప్పుకుంది.

"నన్నడగాల్సింది కదే," అంది. గొంతులో కోపం లేదు. "ఇది దూరమెలా అవుతుంది పెద్దమ్మా అని ఒక్క మాట అడిగితే, దగ్గరే కదే అనేదాన్ని. ఆ రోజే తేలిపోయేది."

"అడిగితే నువ్వు మానేస్తావని..."

"మానేసేదాన్నేమో. చేసినంత మేరా మిగిలేది."

పిచ్చుక ఆవిడ మోకాళ్ల దగ్గర కూలబడి ఏడ్చింది. ఆఫీసనీ, సార్ ఉన్నాడనీ లేకుండా, తల్లి పోయిన రోజు ఏడ్చినట్టు ఏడ్చింది. తను ఏం చేసిందో అప్పుడు పూర్తిగా అర్థమైంది. పెద్దమ్మ పని చెడలేదు. చెడకుండా ఉందని రుజువు చేయగల మనిషి లోకంలో ఒక్కతే, ఆ ఒక్కతీ తనే, ఆ రుజువుని చేతులారా రోజుకింత చొప్పున చెరిపేసింది. ఏ జవాబు నిజమైనదో, ఏది తిరగబడిందో ఇక ఎవరూ చెప్పలేరు. మళ్లీ మొదట్నించీ చూడాలంటే ఇంకో రెండేళ్లు కావాలి. పెద్దమ్మ దగ్గర ఆ రెండేళ్లు లేవు.

"తీసెయ్యి బాబూ," అంది పెద్దమ్మ డైరెక్టరుతో. "రెండు కుర్చీలవీ తీసెయ్యి. తప్పుడు పటం కంటే ఖాళీ నయం."

డైరెక్టరు తలూపాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాక పెద్దమ్మ పిచ్చుకకి టీ కలిపి ఇచ్చింది. తిట్టినా బాగుండేదని పిచ్చుకకి అనిపించింది, ఆవిడ తిట్టలేదు. మర్నాటి నుంచి ఆఫీసుకి రాలేదు. పిచ్చుకని ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు గానీ, రెండో కుర్చీ ఇంకొకరికి ఇచ్చి తనని యాంటెన్నా మరమ్మతుల వైపు పంపారు. తీర్పరి ఎదురైతే పలకరిస్తాడు, కబుర్లు మాత్రం చెప్పడు.

పెద్దమ్మ మతిమరుపు ఆ తర్వాత జోరందుకుంది. కొన్నాళ్లకి పటం సిద్ధమైంది, డైరెక్టరు కారు పంపించాడు. హాల్లో గోడ పొడుగునా పాలపుంత. నడుమ పొడుగాటి ముద్ద, దాని చివర్ల నుంచి చుట్టలు చుట్టుకుంటూ చేతులు, ఓ పక్కన మనం ఉన్నచోట ఎర్ర చుక్క. ఆ చుక్క దగ్గర్నించి నడిబొడ్డు దాటి అవతలి అంచుదాకా ఓ పెద్ద చీలిక తెల్లగా ఉంది. అక్కడ చేతులన్నీ వచ్చి ఆగిపోయాయి.

పెద్దమ్మ పటం ముందు నిలబడి పైనుంచి కిందిదాకా చూసింది. ముఖం విప్పారింది. పక్కనున్న పిచ్చుక వైపు తిరిగి మర్యాదగా నవ్వింది.

"కొత్తగా చేరావా అమ్మా?"

"అవునండీ," అంది పిచ్చుక.

"ఆ తెల్లగా ఉంది చూడు, అది మా ముక్క. ఇంకా నడుస్తోంది. నేనూ మా అమ్మాయీ చూస్తున్నాం. మా చెల్లెలి కూతురులే, నేనే పెంచాను." చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నీకో మాట చెబుతాను, ఎవరితో అనకు. నాకు మతిమరుపు జబ్బుందని డాక్టరు చెప్పాడు. దానికి చెప్పలేదు, బెంగ పెట్టుకుంటుంది. ముందు మానేద్దామనే అనుకున్నాను. కానీ రెండో కుర్చీలో ఉన్నది అది. నేనెక్కడ తడబడినా ఇట్టే దొరికిపోతాను. పెంచాను కదా అని నన్ను చూసి ఊరుకునే రకం కాదు. అది ఉందన్న ధైర్యంతోనే రోజూ వచ్చి కూర్చుంటున్నాను."

పిచ్చుక గోడకి చెయ్యి ఆనించుకుంది.

"నువ్వూ అంతే," అంది పెద్దమ్మ. "ఎంత పెద్దవాళ్లయినా సరే, పక్కవాళ్ల జవాబు చూడకు."

"చూడనండీ," అంది పిచ్చుక.